లైన్లో రెండో బిందె

ఈ మధ్య మార్కాపురం బజారులో ప్లాస్టిక్ బిందెలన్నీ ఒకే ఆకుపచ్చ రంగులో వస్తున్నాయి. ఎరుపు అడిగితే లేదంటారు. నీలం అడిగితే "నీళ్ళేమన్నా రంగు చూసి పడతాయా అన్నా?" అంటారు. దుకాణం వాడికి ఇది చిన్న విషయం. ట్యాంకరు వచ్చే పొద్దున మా వీధిలో నిలబడితే వాడికీ తెలిసేది. వరుసగా పెట్టిన పచ్చ బిందెల్లో నాది ఏదో కనుక్కోవడానికి ఒక్కోదాని దగ్గరా వంగి, పరాయి బిందెలకు దండం పెడుతున్నట్టు నడవాలి. చివరికి మా ఆవిడ పాత చీర అంచు చించి మా బిందెల మెడలకు కట్టింది. ఆఫీసు వాళ్ళు నా మెడకు తగిలించిన కార్డు కన్నా ఆ అంచు మీదే నాకు గురి ఎక్కువ.

మా ఆవిడ తర్లుపాడు మండలంలో టీచరు. నాది గిద్దలూరు. పని మాత్రం హైదరాబాదులో, ఫోన్లలో వాడే యాప్‌లకు తెరలు గీయడం. ఏ మీట ఎక్కడ ఉండాలి, నొక్కితే ఏం జరగాలి అన్నది తేల్చడం నా ఉద్యోగం. హైదరాబాదు ఇప్పుడు వేరే రాష్ట్రం కాబట్టి ఆమె ఉద్యోగం అక్కడికి బదిలీ కాదు. నా పనికి మార్కాపురంలో ఉన్న గిరాకీ ఎంతో ఒకసారి ఫ్లెక్సీలు కొట్టే షాపులో విచారించాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నేర్చుకోడానికొస్తావా?" అన్నాడు. ఇద్దరిలో ఎవరు ఉద్యోగం మానాలన్న చర్చ మేం ఎప్పుడూ మొదలుపెట్టలేదు. మొదలుపెడితే ముగుస్తుందని భయం. అందుకని పెళ్ళయిన దగ్గర్నుంచి మా కాపురం సంగతి హైదరాబాదు బస్సు డ్రైవర్లకే ఎక్కువ తెలుసు.

అలాంటి రోజుల్లో మా బాసు ఒక మాట అన్నాడు. "ఈ ఒక్క ప్రాజెక్టు నిలబెట్టు బ్రదర్, ఇక నువ్వు మీ ఊరి నుంచే చేసుకో. నిలబడకపోతే వచ్చి ఆఫీసులో కూర్చో."

మంచు పడే దేశంలో ఎవరో ఒకాయనకు కొన్ని కొట్లున్నాయి. అక్కడ జనాన్ని ఆరుగురి చొప్పున చెక్కగదిలో కూర్చోబెట్టి ఉడకబెడతారు. దాన్ని సానా అంటారు. తర్వాత ఒక్కొక్కరినీ ఐసు నీళ్ళ తొట్టిలో మెడదాకా దించుతారు. దానికి ముందుగా చోటు పట్టుకునే యాప్ కావాలి. నేను లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని నడివేసవిలో మార్కాపురం వచ్చేశాను. ఆ చెక్కగదిని నేనెప్పుడూ చూడలేదు. పెద్ద లోటుగా కూడా అనిపించలేదు. మధ్యాహ్నం కరెంటు పోయాక మా మేడమీద గదిలో కూర్చుంటే సగం పని దానంతట అదే అర్థమయ్యేది. తక్కిన సగానికి, అంటే చన్నీళ్ళకు, ఊహే ఆధారం.

మా పక్కింట్లో మోకాళ్ళ నొప్పులతో నడిచే ముసలామెను మా ఆవిడ చిన్నమ్మా అని పిలుస్తుంది. ఆ లెక్కన ఆమె నాకు అత్త, నేను ఆమెకు అల్లుణ్ణి. ట్యాంకరు లైను ఆమె చేతిలో ఉంటుంది. ఎవరూ అప్పగించలేదు, ఎవరూ కాదనలేదు. మొదటి విడతలో తలకొక బిందె, అది ఆమె పెట్టిన రూలు. నేను వచ్చేదాకా మా ఇంటికి ఒకటే బిందె. వచ్చిన వారంలోనే నన్ను లైన్లో ఆపి అడిగింది.

"ఉంటావా, మళ్ళా పోతావా?"

"ఉంటానత్తా."

"అట్లయితే రెండోది పెట్టుకో."

నేను చాలా కంపెనీల్లో చేరాను. ఇంత స్పష్టమైన నియామక పత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆ సాయంత్రమే బజారుకు పోయి బిందె కొన్నాను. పచ్చదే.

ఇంకో పొద్దున నా పని గురించి ఆరా తీసింది.

"పొద్దస్తమానం ఆ పెట్టె ముందర ఏం చేస్తావల్లుడా?"

"చలిదేశంలో ఒకాయన కొట్ల పని అత్తా. జనాన్ని గదిలో పెట్టి చెమటలు పట్టిస్తాడు. ఆనక ఐసు తొట్టిలో దించుతాడు."

"ఏం తప్పు చేసినారు వాళ్ళు?"

"తప్పు కాదత్తా, ఆరోగ్యానికంట. డబ్బులిచ్చి మరీ వస్తారు."

"చెమటకు డబ్బులా! మన మిరపచేలోకి తోలకపోయినావా? కలుపన్నా అయిపోతాది."

లైనంతా నవ్వింది. వెనక నిలబడ్డ ఒకామె మాత్రం నవ్వలేదు. "తొట్టి నిండా నీళ్ళా? ఒక్క మనిషికా?" అంది. అవునన్నాను. "మళ్ళా ఆ నీళ్ళేం చేస్తారు?" పారబోస్తారేమో అన్నాను. ఆ రోజంతా వీధిలో నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు.

యాప్‌లో అసలు చిక్కు ఆలస్యంగా వచ్చేవాళ్ళతో. చోటు పట్టుకుని వేళకు రాకపోతే ఏం చేయాలి? అందరూ చేసేది చోటు రద్దు చేయడం. నాకది మోటుగా తోచింది. మా లైన్లో బిందె పెట్టి పొయ్యి మీద కూర చూసుకోవడానికి పోయినామె వంతుకు అందకపోతే, వెనకవాళ్ళు ఆమె బిందెను కాలితో పక్కకు జరుపుతారు. ఆమె పరుగెత్తుకుంటూ వచ్చాక మధ్యలో పట్టుకోనిస్తారు. పేచీ ఉండదు. నేను అదే గీశాను: వేళ తప్పినవాడి చోటు పోదు, పక్కన ఉంటుంది, వచ్చినప్పుడు యాప్ అతణ్ణి తర్వాతి జట్టులో కలుపుతుంది. "హ్యూమన్ టచ్ ఉంది బ్రదర్" అన్నాడు బాసు. మంచుదేశం ఆయన ఒక కొట్లో పెట్టి చూద్దామన్నాడు. నేను కిటికీకి కర్టెన్లు కొన్నాను. ఎప్పుడూ సగం రోజులుండే ఇంటికి కర్టెన్లు కొనే అలవాటు మాకు లేదు.

అక్కడ మంచు మొదలయ్యేదాకా బాగానే నడిచింది. తర్వాత అక్కడివాళ్ళకు ఎప్పుడొచ్చినా చోటుంటుందని తెలిసిపోయింది. ఒక శనివారం సాయంత్రం, ఆ రోజు వేళ తప్పినవాళ్ళంతా ఒకేసారి వచ్చారు. యాప్ ఎవర్నీ కాదనలేదు, దానికి కాదనడం నేను నేర్పలేదు. ఆరుగురి గది ముందు ఊరేగింపంత జనం, తువ్వాళ్ళు చుట్టుకుని, మంచులో. ఎవరో తీసిన వీడియో బాసు నాకు పంపాడు. కింద కొట్టు యజమాని అడిగిన ప్రశ్న ఉంది: ఇప్పుడు ఎవరి వంతో ఎవరు తేల్చాలి?

న్యాయమైన ప్రశ్నే. మా వీధిలో దానికి జవాబుంది. కానీ ఆ జవాబుకు మోకాళ్ళ నొప్పులు, విమానం ఎక్కదు.

ఉన్నపళంగా కూర్చుని అంతా మార్చాను. వేళ తప్పితే చోటు పోయేటట్టు, అందరూ చేసేటట్టే చేసి పంపాను. రెండురోజులకు బాసు ఫోన్ చేశాడు.

"వాళ్ళు వేరే కంపెనీ చూసుకున్నారు బ్రదర్."

"నేను సరిచేశాను సార్."

"చేశావు. చూడ్డానికి అక్కడ ఎవరూ లేరు. ఒకటో తారీఖు నుంచి ఆఫీసుకు వచ్చెయ్."

మా ఆవిడ పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. విషయం చెప్పాను. ఎర్రపెన్ను ఆగింది. కాసేపు కర్టెన్ల వైపు చూసింది. "ఎన్ని జతలు సర్దేది?" అని అడిగింది. పాత సంచిలో పట్టేటన్ని అన్నాను. మళ్ళీ దిద్దుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాతి పేపర్లలో పిల్లలకు మార్కులు కొంచెం ఎక్కువే పడినట్టున్నాయి.

వెళ్ళే ముందు ఆఖరిసారి ట్యాంకరు వచ్చిన పొద్దున రెండు బిందెలూ నేనే తెచ్చి లైన్లో పెట్టాను. అత్త మోకాళ్ళు పట్టుకుంటూ అరుగు దిగి వచ్చింది.

"పోతున్నావంట గదా."

"ఆదివారం అత్తా."

"ప్రార్థనలో పెట్టినానల్లుడా నీ పనిని. ఆ చలి ఊరోళ్ళకు మంచి బుద్ధియ్యి ప్రభువా అని. వాళ్ళ కాడికి అందలేదేమో."

"అందే ఉంటాదత్తా. వాళ్ళే లేటుగా చూసినట్టున్నారు."

ఆమె నవ్వలేదు. ట్యాంకరు మలుపు తిరిగింది, వీధంతా కదిలింది. అత్త వంగి, చీర అంచు కట్టిన బిందెలు రెండింటినీ చూసి, వెనకదాన్ని కాలితో లైను బయటికి జరిపింది.

"ఇంగ ఆ ఇంట్లో తలకాయ ఒకటే గదా. ఇది ఎత్తుకో."