రెండు వేళ్ల మందం

దేవరకొండ తాలూకాలో సైదులు సన్నాయి మోగని పెళ్లిలో ఏదో లోటుందనే అనుకునేవారు జనం. కానీ సైదులు ఒక్కడే ఊదితే అది సగం పాటే. పక్కన అన్న బిక్షమయ్య కూర్చుని శ్రుతి పట్టాలి. అతని సన్నాయిలోంచి వచ్చేది ఒకే ఒక్క స్వరం, తెగకుండా, గంటలకొద్దీ. బుగ్గల్లో గాలి దాచుకుని ముక్కుతో ఊపిరి తీసే ఆ విద్య అందరికీ పట్టుబడదు. రెండు సన్నాయిలూ వాళ్ల నాయిన అచ్చంపేట నుంచి తెచ్చిన ఒకే దుంగలోంచి చేయించినవి.

1962లో హైదరాబాదు వాద్యబృందం ఒకటి మాస్కో కచేరీకి సైదులును ఎంచుకుంది. శ్రుతికి తమ వాద్యాలే చాలన్నారు, బిక్షమయ్యను రమ్మనలేదు. అయినా ఊళ్లో అందరికన్నా ఎక్కువ పొంగిపోయింది అతనే.

సాధన మొదలైన రోజే చిక్కొచ్చి పడింది.

"సైదులూ, నీ సన్నాయి మా పియానో కంటే అరస్వరం కిందుంది. పియానోను మార్చలేం. నీదే కొంచెం కోయించు," అన్నాడు బృందం మాస్టరు, గోరు తీయించుకోమన్నంత తేలిగ్గా.

వారం రోజులు సైదులు సన్నాయి కొసన నోట పెట్టుకునే పీకలు మార్చాడు, పెదవులు పగిలేలా బిగించి ఊదాడు. స్వరం ఎక్కలేదు. చివరికి వడ్రంగి ముందు కూర్చుని కళ్లు మూసుకున్నాడు. రంపం ఆగాక తెగిన ముక్కను రుమాలులో కట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే ఇంటికి కార్డు రాయించాడు. "అన్నా, రెండు వేళ్ల మందం కోయించిన. నాయినకు తప్పు జేసిన. కోపం జేయకు."

ఆపైన సాధన సాఫీగా సాగింది. నల్లకోటు కుట్టించారు, పాస్‌పోర్టు చేతికొచ్చింది. అంతలో చైనాతో యుద్ధం వచ్చి ప్రయాణం ఆగిపోయింది.

తలొంచుకుని ఇల్లు చేరిన తమ్ముణ్ణి చూసి బిక్షమయ్య నవ్వాడు.

"మాస్కో పోతె పోయింది తియ్, తమ్మి. గిటు సూడు, నీ కార్డు అందిన్నాడే నాది గూడ కోసిన. నువ్వొచ్చెటాల్లకు జోడి కలవాలె గద!"

వాకిట్లో కూర్చుని ఊదారు. కలవలేదు. ఇప్పుడు అన్న స్వరమే పైకి పోయింది. సైదులు అన్న చెయ్యి లాక్కుని తన చేతి పక్కన పెట్టి చూశాడు. ముప్పై ఏళ్లు పార పట్టి మొద్దుబారిన వేళ్లు అన్నవి. ఆ వేళ్లతోనే కొలుచుకుని ఎక్కువ కోసేశాడు పాపం. జేబులో దాచుకున్న ముక్కను పంపి ఉంటే సరిపోయేది. సంగీతం అంత తెలిసినవాడికి ఆ కాస్త ఉపాయం తోచలేదు. మైనం పెట్టి చూశారు, పీకలు మార్చి చూశారు. సైదులుది ఇంకా కోస్తే ఉన్న స్వరాలు కూడా చెదిరిపోతాయి.

"నీ తప్పు గాదురా. నా ఏళ్లే లావు," అని నవ్వబోయి బిక్షమయ్య ఏడ్చేశాడు.

ఆ మాఘమాసం పెళ్లిళ్లకు శ్రుతిపెట్టె కొన్నారు. అది సైదులు సన్నాయితో చక్కగా కలిసింది. అయినా బిక్షమయ్య వెంట రావడం మానలేదు.

"పక్కన నేను లేకుంటె అన్నదమ్ములు ఇడిపోయిన్రంటరు," అన్నాడు.

సన్నాయి నోట పెట్టుకుని, బుగ్గల నిండా గాలి పట్టి, ఒక్క ఊదు కూడా ఊదకుండా ముహూర్తం అయ్యేదాకా కూర్చునేవాడు. పెళ్లివారికి తేడా తెలియలేదు. సైదులు మాత్రం ఆ తర్వాత ఏ పందిట్లోనూ పక్కకు తిరిగి చూడలేదు.