రెండు సుడుల డ్రైవరు, అయిదుగురు రాయబారులు

బడి పుస్తకాల్లో రాజుల వరస ఉంటుంది. ఎవరి తర్వాత ఎవరు గద్దెనెక్కారో అడిగితే పిల్లలు నీళ్లు నములుతారు. అంతయ్య తాతకు రాజులతో పని లేదు. మస్కట్‌లో మన దేశం తరఫున కూర్చున్న రాయబారుల వరస మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అడగకపోయినా చెబుతాడు. అసలు చిక్కంతా అక్కడే.

లక్షెట్టిపేట దగ్గరి ఆ ఊళ్లో అందరూ కాలాన్ని గోదావరి వరదలతో లెక్కపెట్టుకుంటారు. తాత ఇంట్లో రాయబారులతో లెక్కపెడతారు. పెద్దకొడుకు పుట్టింది మొదటి సాబ్ ఉన్నప్పుడు. చేన్లో బోరు పడింది రెండో సాబ్ వెళ్లిపోయిన ఏడు. బర్రె చచ్చిపోయింది నాలుగో సాబ్ విమానం దిగిన వారానికే. ఆయన పాదం మంచిది కాదని తాత భార్య రామవ్వ ఇప్పటికీ అంటుంది, ఆయన్ను ఒక్కనాడూ చూడకపోయినా.

"నా లగ్గం ఏ సాబ్ కాలంల అయిందో గది సుత చెప్పు," అని ఒకసారి ఆమే అడిగింది.

"అప్పటికి నేనింక మస్కట్ పోలే. ఏ సాబూ లేడు."

"గందుకే, అడ్డం చెప్పెటోడు లేక నీ పాలబడ్డ."

తాత ఉద్యోగం రాయబారి ఎక్కే కారు నడపడం. నల్లది, పొడుగుది, ముందు చిన్న జెండా ఉండేది. ఆ జెండా సంగతి వచ్చేసరికి తాత గొంతు సవరించుకుంటాడు. రాయబారి కారులో ఉంటేనే జెండా ఎగరాలి. ఆయన దిగి లోపలికి వెళ్లగానే దానికి తొడుగు వేసేయాలి. ఖాళీ కారు మీద జెండా ఎగరేయడమంటే ఇంకొకరికి పెట్టిన దండం మనం తీసుకోవడమే. కొత్త రాయబారి వచ్చి, మన రాష్ట్రపతి ఇచ్చిన పత్రం అక్కడి సుల్తాను చేతిలో పెట్టి బయటికొచ్చాకే ఆ తొడుగు మొదటిసారి తీస్తారు. తీసేది తాతే. "సుల్తాన్ ఒప్పుకుంటె సాలదు. నేను తొడుగు తీస్తెనే రాయబారి," అంటాడు.

ఇక వరస. మొదటి సాబ్ కారెక్కి పేపరు విప్పితే దిగేదాకా మడిచేవాడు కాదు. రెండో సాబ్ నిద్రపోయేవాడు. గేటు ముందు లేచి, కారు తానే తోలినంత అలసటతో దిగేవాడు. మూడోది మేడం, ఆమె సంగతి తర్వాత. నాలుగో సాబ్, అంటే బర్రె సాబ్, భార్యతో ఫోన్‌లో కొట్లాడి, దిగేముందు తాతకు సారీ చెప్పేవాడు. అయిదో సాబ్ దారి పొడుగునా ఫోన్‌లోనే చదువుకునేవాడు. "మొదటాయన పేపర్ల తల పెట్టిండు, ఆఖరాయన ఫోన్ల తల పెట్టిండు. నడుమ లోకం గింతే మారింది," అని తాత చరిత్రకు అక్కడితో ముగింపు పెడతాడు.

మేడం మాత్రం బయటికి చూసేది, మాట్లాడేది. సెలవు రోజుల్లో కూలీల క్యాంపులకు కారు పోనిమ్మనేది. అక్కడ జగిత్యాలవాళ్లు, సిరిసిల్లవాళ్లు, నిర్మల్‌వాళ్లు తమ బాధలన్నీ తెలుగులో ఒకేసారి చెప్పేవారు. ఆమెకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అప్పుడు తాత ముందుకొచ్చి ఒక్కొక్కరి మాటా తన హిందీలో ఆమెకు చేర్చేవాడు. "ఆమె దేశానికి రాయబారి, నేను ఆమెకు రాయబారి," అని రొమ్ము విరుచుకుంటాడు. ఆయన హిందీ విన్నవాళ్లు, పాపం ఆమె ఎంత ఓపికమంతురాలో అనుకుంటారు.

తాతకు ఇంకో సంగతి ఉంది. తల వెనక రెండు సుడులున్నాయి. రెండు సుడులవాడికి రెండు పెళ్లిళ్లు తప్పవని లోకం మాట. పెళ్లిచూపులనాడు రుమాలు చుట్టుకుని కూర్చున్నాడు కాబట్టి సరిపోయింది. నలుగు పెట్టిననాడు సంగతి బయటపడి రామవ్వ ఒక పూట అన్నం ముట్టలేదు. అప్పటినుంచి ఇంట్లో ఒకటే కట్టుబాటు: గడప దాటితే తల మీద రుమాలు ఉండాలి. మస్కట్‌లో డ్రైవరు బట్టల మీద రుమాలు నడవదు కనుక, ఆ సుడులకు అక్కడ మాత్రం గాలి తగిలింది. ఊళ్లోవాళ్లు చూసింది తెల్ల రుమాలు, తిరిగొచ్చాక పెంచిన గుబురు మీసం. సుడులు ఎరిగింది రామవ్వ, జుట్టు కత్తిరించే వెంకటి, అంతే.

ఆ వెంకటి దుకాణంలోనే పందెం పడింది. ఆదివారం మంచిర్యాలలో సభ ఉందని, గల్ఫ్‌కు పోయేవాళ్లకు మంచీచెడూ చెప్పడానికి ఆ మేడమే వస్తుందని తెలిసి తాత కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఎరువుల దుకాణం ఓంప్రకాశ్ పక్కనే గడ్డం గీయించుకుంటున్నాడు.

"అంతయ్య మామా, గిన్నేండ్లు చెప్తున్నవు గద. గా మేడం నిన్ను గుర్తుపడతదా?"

"పట్టకేం చేస్తది?"

"నువ్వు గాడ ఒంటెలు కాసినవని మా బాపు అనేటోడు."

"మీ బాపు కరీంనగర్ దాటి పోలేదుర అల్లుడా. ఒంటెను సర్కస్‌ల చూసి ఉంటడు."

దుకాణమంతా నవ్వింది. ఓంప్రకాశ్‌కు చురక తగిలింది. "గుర్తుపట్టకపోతే మీసం తీస్తవా?"

"తీస్త. పడితే? నువ్వు నీ కొత్త కారు తోలాలె, నేను ఎనక కూసోవాలె. ఊరంత తిప్పాలె."

"సై!"

కబురు తాతకంటే ముందే రామవ్వకు చేరింది. "మీసం పోతె పోయింది, మళ్ల మొలుస్తది," అంది ఆమె. "గిన్నేండ్ల నుంచి మందికి చెప్పిన ముచ్చట అబద్ధమైతె మళ్ల మొలుస్తదా? పక్కింటి పోశవ్వ ముందట నేనేం మొఖం పెట్టుకోవాలె?"

"ఫికర్ చెయ్యకే," అన్నాడు తాత. ఆ రాత్రి ఆయన గురకకు రామవ్వకే నిద్ర పట్టలేదు.

ఆదివారం ఓంప్రకాశ్ కారులోనే, రామవ్వతో కలిపి నలుగురూ మంచిర్యాల వెళ్లారు. పందెం ఇంకా తేలలేదు కాబట్టి తాత ముందు సీట్లోనే కూర్చున్నాడు. వెంకటి జేబులో గడ్డం గీసే కత్తి పెట్టుకున్నాడు. "పందెం పందెమే," అన్నాడు ఎంతో బాధగా, కళ్లు మెరుస్తుండగా.

సభ అయింది. మేడం జుట్టు పండిపోయింది కానీ మాట తీరు అదే. జనం తగ్గాక తాత ఆమె ఎదురుగా వెళ్లి నమస్కారం పెట్టాడు. ఆమె కూడా పెట్టింది. మర్యాదగా నవ్వి, "కౌన్‌సా గావ్?" అని అడిగింది. ఏ ఊరని పొద్దుటినుంచి అందరినీ అడిగినట్టే.

ఓంప్రకాశ్ దగ్గాడు. వెంకటి జేబు తడుముకున్నాడు. రామవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

తాత మాత్రం చెక్కు చెదరలేదు. వాళ్లవైపు తిరిగి నింపాదిగా చెప్పాడు. "ఆమె తప్పేం లేదుర. అద్దంల నేను ఆమె కండ్లు చూసిన. ఆమె నా మొఖం ఎప్పుడు చూసిందని? పొద్దస్తమానం ఆమె చూసింది నా ఎనక తలనే."

అని పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీని అటు తిప్పి, ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు. పెళ్లయిన నాటినుంచి ఉన్న కట్టుబాటును పక్కనబెట్టి, రామవ్వ కళ్ల ముందే రుమాలు విప్పాడు. స్టీరింగు పట్టినట్టు చేతులు చాపి, ఎటు పోవాలని అప్పట్లో రోజూ పొద్దున అడిగే మాటే అడిగాడు.

"మేడం, కిధర్ చల్నా?"

వెనకనుంచి పెద్ద నవ్వు వినిపించింది.

"అంతయ్య! దూసరీ షాదీ హుయీ క్యా?"

రామవ్వకు హిందీ రాదు కానీ షాదీ అంటే పెళ్లని తెలుసు. దూసరీ అంటే ఏమిటో ఓంప్రకాశ్ మొహం చూస్తే తెలిసిపోయింది. ముందుకు దూసుకొచ్చింది.

"ఏందయ్యో! రెండో పెండ్లి ముచ్చట ఆమెకెందుకు?"

"నువ్వు నా సుడులకు భయపడ్డ సంగతి ఒకపారి చెప్పిన. అప్పటి సంది కారెక్కితె సాలు గదే అడుగుతది."

"నువ్వేం చెప్పెటోనివి?"

"మొదటిదాని భయానికి రెండోదాని దిక్కు చూస్తలేనని."

మేడంకు ఎవరో ఆ మాట హిందీలో చెప్పారు. ఆమె రామవ్వ రెండు చేతులూ పట్టుకుని ఆపకుండా నవ్వింది. "దేశం ఊకెనే పంపలే ఈమెను," అని రామవ్వ అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది. వెంకటి కత్తిని జేబులో ఇంకా లోపలికి తోసుకున్నాడు, కాస్త నిరాశగానే.

ఊరి పొలిమేరలో ఓంప్రకాశ్ కారాపాడు. మాట తప్పే మనిషి కాదు. దిగి వెనక తలుపు తీశాడు. తాత ఎక్కబోయి ఆగాడు. జీవితంలో ఎన్నో తలుపులు తీశాడు కానీ తనకోసం తీసిన తలుపులోంచి ఎప్పుడూ ఎక్కలేదు. డ్రైవరు వెనక సీటు తాను తీసుకుని, ఆ పక్క సీటు రామవ్వకు చూపించాడు.

"గిటు కూసో. డ్రైవర్‌కు ఐమూలగ ఉన్నది సాబ్ జాగ."

"మరి నువ్వు?"

"నేను నీకు రాయబారిని."

వెంకటికి ఏం తోచిందో, తాత రుమాలు అందుకుని కారు ముందువైపు పక్క అద్దానికి కట్టాడు. కారు కదిలింది. తెల్ల రుమాలు గాలికి లేచింది. పోశవ్వ తన గడపలో నిలబడి నోరు తెరిచింది. రామవ్వ సుల్తాను దగ్గరికి పోతున్నంత దర్జాగా కూర్చుని, ఆమెకు ఒక్కసారి తల ఊపింది. తాత ఓంప్రకాశ్ వెనక తలను చాలాసేపు పరిశీలించాడు.

"అల్లుడా, నీకు ఒక్కటే సుడి. నీ పెండ్లానికి పరేషాన్ లేదు పో."

ఇంటి ముందు కారాగింది. రామవ్వ దిగి, కొంగు సర్దుకుని లోపలికి నడిచింది. ఓంప్రకాశ్ ఇంకో చుట్టు తిప్పుతానన్నాడు, ఇప్పుడతనికీ సరదా పుట్టింది. తాత వద్దన్నాడు. అద్దం దగ్గరికి వెళ్లి, ముడి విప్పి, రుమాలు మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు.

"అట్లనే ఉండనియ్యరాదు మామా," అన్నాడు వెంకటి.

"సాబ్ దిగింది గదర," అన్నాడు తాత.