నాయన నాకిన స్ఫటికం

ఎవరింట్లోనైనా స్ఫటికానికి అభిషేకం చేసి తీర్థమిస్తే, ఇప్పటికీ నేను నోట పోసుకోను. భక్తి లేక కాదు.

మాది ఊరి బయటి పల్లె. మా నాయన మార్కాపురం పలకల గనిలో కూలి. గుట్టల్లో దొరికే స్ఫటికాల మీద దేవుళ్లను చెక్కే విద్య ఆయనకు ఎక్కడ పట్టుబడిందో తెలియదు. కొత్త రాష్ట్రం వచ్చి, అప్పటి మా జిల్లాకేంద్రం కర్నూలే రాజధాని అయిన రోజుల్లో, తర్లుపాడు వైపు ఆసామి ఒకాయన నాయనను పిలిపించాడు. తాను కట్టించిన గుడికి, చెంచులక్ష్మి పాదంలో ముల్లు తీస్తున్న నరసింహస్వామిని అరచేతంత స్ఫటికంలో చెక్కమన్నాడు.

"గుళ్లో నిలబెట్టేది గూడా నీ చేత్తోనేరా. ఇప్పుడు మన రాజ్యం. ఆ అంటూ ముట్టూ ఎప్పుడో పోయినాయి" అన్నాడు.

నాయన ఆ మాట పట్టుకుని బతికాడు. గని నుంచి రాగానే రాగి కడ్డీకి కురుందం అనే గట్టి రాతి పొడి అద్ది రుద్దుతూ కూర్చునేవాడు. రుద్దినచోట రాయి తెల్లగా మసకబారుతుంది. తడిపితేనే గీత కనబడుతుంది. పక్కన ముంతలో నీళ్లున్నా చేయి చాపడు, నాలుకతో నాకేవాడు. పొడి పట్టి పాచిపోయిన ఆ నాలుక చూస్తే నాకు అన్నం సయించేది కాదు.

"ఏంది నాయనా ఆ నాకడం, ఛీ!"

"నీళ్లయితే జారిపోతాయమ్మా. ఉమ్మయితే నిలబడతాది."

స్వామి గోరూ, చెంచిత మడమా, ముల్లూ అన్నీ ఆ ఉమ్మిలోనే తేలాయి.

ప్రతిష్ఠ రోజు నాయన తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని, రాయిని గుడ్డలో చుట్టి తెచ్చాడు. నేనూ వెంట వెళ్లాను. గుడి మెట్టు దగ్గరే ఆసామి చేయి అడ్డం పెట్టాడు. రాయిని కింద పెట్టించి, నాయన అంటు పోవాలని ఆవు పంచితంలో ముంచి లోపలికి తీసుకుపోయారు.

"నా చేత్తో పెట్టనిస్తామంటిరి గదయ్యా" అన్నాడు నాయన.

"అంటిమి లేరా. రాజ్యం మారింది గానీ దేవుడు మారినాడా? ఆడ్నే నిలబడు."

నిలబడ్డాడు. ఆయనకు కనబడ్డవి జనం వీపులే. అభిషేకం నీళ్లు తీర్థమని పంచితే లోపలివాళ్లంతా కళ్లకద్దుకుని జుర్రుకున్నారు. మా దగ్గరికొచ్చేసరికి పూజారి ఉద్ధరిణె మూరెడు పైకెత్తి పోశాడు, నాయన చేయి తగలకుండా. ఇన్నాళ్లూ ఆయన నోట్లో నానిన రాయి కడిగిన నీళ్లవి! అసహ్యంతో ఒళ్లు మండిపోయి నా తీర్థం మెట్టు మీదే పారబోశాను.

నాయన తాగాడు. అరచేతిలో మిగిలిన తడిని, రాయిని నాకినట్టే నాకాడు. తర్వాత నన్ను ముందుకు నెట్టాడు.

"చూడమ్మా, ముల్లు కనబడతా ఉందా?"

మునివేళ్ల మీద లేచి చూశాను. గీతలన్నీ పూడిపోయేలా గంధం మెత్తేశారు.

"కనబడతా ఉంది నాయనా" అన్నాను.