ఏ గదికి పోవాలో చెప్పిన మార్తమ్మ

రోగిని ప్రశ్నించే విద్యను చీటీల మార్తమ్మకు నేర్పిన గురువును నేనే. ఆ శిష్యోత్తమురాలు ఇక లేదు. పోయిన ఆదివారం చర్చి నుంచి ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, మంచినీళ్లు అడిగి, చెంబు వచ్చేలోపే కుర్చీలో తల వాల్చిందట. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఆ దుర్వార్త చేరేసరికి నేను గడ్డం గీసుకుంటున్నాను. ‘అశనిపాతం’ అంటే పిడుగుపాటని ముప్పై ఏళ్లపాటు పిల్లలకు అర్థం చెప్పాను గాని, ఆ మాట నాకు అర్థమైంది ఆ పూటే. ఒక చెంప నున్నగా, ఒక చెంప నెరిసిన గడ్డంతో ఆదోని బస్సెక్కాను. ఎవరూ నవ్వలేదు. ఆ బస్సులో సగం మంది ఆమె కడసారి చూపుకే వస్తున్నారు. సగం కాదు లెండి, నలుగురం. కాని ఆ నలుగురి ఏడుపు బస్సంతా నిండింది.

ఆమెను ఎరగని వారి కోసం రెండు మాటలు. మార్తమ్మ వైద్యురాలు కాదు, నర్సు కూడా కాదు. ఆదోనిలో ఒక ఆసుపత్రిలో కిటికీ వెనక స్టూలు మీద కూర్చుని ఓపీ చీటీలు రాసే ఉద్యోగిని. వచ్చినవారి పేరు, ఊరు, బాధ అడిగి, ఏ గదికి పోవాలో రాసి ఇవ్వడం ఆమె పని. చదివింది పదో తరగతి. అయినా ధన్వంతరి వచ్చి వరుసలో నిలబడినా, ‘నీకేం బాధప్పా?’ అని అడిగేంత నిబ్బరం ఆమెది. ఉద్యోగ విరమణ చేసిన తర్వాత కూడా కోడుమూరు నుంచి, తుగ్గలి నుంచి జనం ఆమె ఇంటికి వచ్చి ఏ డాక్టరు దగ్గరికి పోవాలో తెలుసుకుని పోయేవారు.

మన ప్రాంతంలో బొడ్డు కింద ఏ బాధ వచ్చినా దానికి ఒకటే నామధేయం: ఉడుకు. మూత్రం మండినా ఉడుకే, ఆగినా ఉడుకే, తెలియకుండా కారినా ఉడుకే. దానికి బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మాడుకు ఆముదం. ఈ సర్వరోగ నామాన్ని మార్తమ్మ ఒప్పుకునేది కాదు. చీటీ మీద పెన్ను ఆనించి నాలుగే ప్రశ్నలు వేసేది: “మండుతాందా? ఆగిపోతాందా? కారిపోతాందా? నురుగొస్తాందా?” ఆ ప్రశ్నల్లోని అంత్యప్రాసను గమనించండి. అది తెలుగు పండితుడు కూర్చిన రచన కాక మరేమిటి?

నందవరం దగ్గరి పల్లె నుంచి ఒకామె వచ్చింది. పత్తి తీసే కూలి. పేరు చెప్పను. చర్మవ్యాధుల గదికి చీటీ ఇమ్మని అడిగింది. తొడలు ఒరిసిపోయి పుండ్లు పడ్డాయి. మార్తమ్మ ఆమె చీరకుచ్చిళ్ల వంక ఒక్కసారి చూసి, గొంతు తగ్గించింది.

“తడి యాడిదక్కా?”

ఆమె తల వంచుకుంది. “దగ్గితే పడతాంది. మూడో కాన్పు నుంచి. ఏందో కిందికి జారినట్ల కూడా ఉంటాంది. వయసుకు అంతే అన్నారు.”

“ఎవరన్నారు?”

“మా అత్త.”

“మీ అత్త ఏ గదిలో కూర్చుంటాదక్కా? చీటీ రాస్తా.”

తల వంచుకున్న మనిషి పక్కున నవ్విందట. చేనులో మగవాళ్ల మధ్య మాటిమాటికీ పక్కకు పోలేక, పొద్దంతా నీళ్లు తాగడమే మానేసిందా తల్లి. ఆ సంగతి కూడా అప్పుడే బయటపడింది. “తడిసేది ఎందుకో చూడకుండా చర్మానికి పూత పూస్తే ఏం లాభం?” అని మార్తమ్మ ఆమెను స్త్రీల డాక్టరు గదికి పంపింది. కర్నూలులో కూడా కాన్పులు చేసే డాక్టరమ్మలందరూ ఈ పని చెయ్యరనీ, జారిన గర్భసంచినీ కారే మూత్రాన్నీ ప్రత్యేకంగా చూసేవారు వేరే ఉంటారనీ, వారి పేరు ఇక్కడి డాక్టరమ్మనే అడిగి రాయించుకొమ్మనీ చెప్పింది. చివరికి ఆమెకు కోత కూడా అవసరం కాలేదు. లోపల పెట్టే ఒక రింగు, కటి కండరాలను బిగించే వ్యాయామం, అంతే. అంత్యక్రియలనాడు ఆ కూలితల్లి మార్తమ్మ సమాధి దగ్గర నిలబడి, దగ్గి దగ్గి ఏడ్చింది. ఆ దగ్గును అంత ధైర్యంగా దగ్గగలగడం వెనక ఎవరున్నారో నాకు తెలుసు.

ఇక నా సంగతి. చచ్చిపోయిన మనిషి ముందు అబద్ధమాడితే కళ్లు పోతాయంటారు. ఆ నాలుగు ప్రశ్నలు నేను నేర్పినవి కావు. నన్ను అడిగినవి.

పన్నెండేళ్ల కిందటి మాట. నేను అప్పటికి కొత్తగా రిటైరయ్యాను. ధార సన్నబడింది. ఎంతసేపు నిలబడినా చుక్కలే. గంటకొకసారి పరుగు. ఆరు నెలలు బార్లీ తాగాను, పల్లేరుకాయల కషాయం తాగాను. ఎమ్మిగనూరులో ఏ ఆసుపత్రికి పోయినా నా పూర్వ విద్యార్థి ఒకడు “నమస్తే సార్” అంటాడని, ఆదోనికి పోయాను. కిటికీ ముందుకు వచ్చాక చూస్తే లోపల ఆడమనిషి, నా వెనక వరుసలో పూర్వ విద్యార్థి.

“ఏం బాధ సారూ?”

“మోకాళ్లమ్మా,” అన్నాను.

ఎముకల గదికి చీటీ ఇచ్చింది. పోయి బల్ల మీద కూర్చున్నాను. అరగంటలో మూడుసార్లు మూత్రశాలకు పోయివచ్చాను. నాలుగోసారి లేవగానే మార్తమ్మ ఎదురుగా నిలబడింది.

“మోకాళ్లు పట్టేసినోళ్లు ఇట్ల దౌడు తీయరు సారూ. ఆ చీటీ ఇట్లివ్వండి.”

మూలకు తీసుకుపోయి ఆ నాలుగు ప్రశ్నలు అడిగింది. “ఆగిపోతాంది,” అన్నాను, నా గొంతు నాకే వినపడనంత మెల్లగా.

“ఆర్నెల్లు బార్లీ తాగింటారు.”

“నీకెట్ల తెలుసు?”

“మీరొక్కరేనా? తూము మూసుకున్న చెరువులోకి ఇంకా నీళ్లు వదిలితే ఏమైతాది? కట్ట తెగుతాది.”

ఆ పూటే అక్కడి డాక్టరు పొట్ట తట్టి చూసి, పైపు వేసి, నిలిచిన మూత్రం తీయించాడు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారి నొక్కుతోందనీ, ఇంకా ఆలస్యం చేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయనీ చెప్పాడు. కర్నూలులో కిడ్నీల డాక్టరెవరో చూసుకుంటానన్నాను. మార్తమ్మ గట్టిగా తల అడ్డంగా ఊపింది.

“బోర్డు మీద కిడ్నీ బొమ్మ ఉందని యాడంటే ఆడ దూరొద్దు సారూ. లోపల వడకట్టే పని చెడితే, మొగం కాళ్లు ఉబ్బితే, నురుగొస్తే నెఫ్రాలజిస్టు. బయటికి పోయే తోవ మూసుకుంటే, రాయి పడితే, రక్తం పడితే యూరాలజిస్టు. మీకు తోవ చెడింది. మీరు పోవాల్సింది యూరాలజిస్టు దగ్గరికి. ఉత్త మంట, జ్వరం అయితే ఈడ మామూలు డాక్టరు మూత్రపరీక్ష చేస్తే సాలు.”

“ఇవన్నీ ఎవరు నేర్పినారమ్మా?”

“తప్పు గదికి పంపించి తిట్లు తిన్నా సారూ, మొదట్ల. ఆ తిట్లే నేర్పినాయి. నేను డాక్టర్ను కాదు, తోవ చెప్పేదాన్ని.”

ఆ తర్వాత నేను ఏకాకినై, ధీరుడినై, వారం తిరక్కుండానే కర్నూలుకు పోయి, యూరాలజిస్టుకు చూపించుకుని, శస్త్రచికిత్సకు నిర్భయంగా సమ్మతించాను. ఇవాళ డెబ్బై దాటిన వయసులో రాత్రంతా నిశ్చింతగా నిద్రపోతున్నానంటే అది ఆ సాధ్వీమణి పుణ్యమే.

మార్తమ్మా! నీ కిటికీలో ఇప్పుడు ఒక యంత్రం పెట్టారట. మీట నొక్కితే చీటీ వస్తుందట. అది పేరు అడుగుతుంది, వయసు అడుగుతుంది. సిగ్గుతో అబద్ధమాడే మనిషి వెంట లేచి వస్తుందా? నీ స్థానాన్ని భర్తీ చేయడం దుస్సాధ్యం. నీకు అశ్రుతర్పణం.

ఇంతవరకు రాసి, నా భార్య రంగమ్మకు చదివి వినిపించాను. కొంగుతో కళ్లు తుడుచుకుని, నా వైపు తిరిగింది.

“అంతా బాగుంది గానీ కర్నూలు సంగతి ఉత్త అబద్ధం. నువ్వు ఒక్కడివే యాడ పోతివయ్యా? కోడుమూరులో బస్సు ఆగితే దిగేసి, కోతంటే భయమని మళ్లా ఇంటికొస్తివి. నేను ఏడుస్తా ఆయమ్మకు ఫోన్ చేస్తిని. మర్నాడు సెలవు పెట్టి ఆదోని నుంచి వచ్చి, నిన్ను బస్సులో కిటికీ పక్క కూర్చోబెట్టి, దిగకుండా తాను ఇవతల పక్క కూర్చునింది. ఆపరేషన్ రూము తలుపు దాకా నీ చెయ్యి పట్టుకున్నది నేను కాదు, ఆయమ్మ. అది రాయి.”