తాటినీడ జరిగిన పూట

పోయిన వారం మా వీధిలోకి కొత్తగా అద్దెకు వచ్చిన ఒక అమ్మాయి, మూడేళ్ళ కూతుర్ని చంకనేసుకుని మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది. ఆ పిల్లకు మాట లేదు, పిలిస్తే తిరిగి చూడదు. ఈ ఇంటావిడ కూడా అలాంటి పిల్లనే పెంచిందని ఎవరో చెప్పారట. మా పెద్దపాప అప్పుడు వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. దానికి నలభై మూడేళ్ళు, అయినా ఊరందరికీ ఇప్పటికీ పాపే. ఆ అమ్మాయి దానివంక చాలాసేపు చూసి, "ఎలాగ పెంచినావు పెద్దమ్మా?" అని అడిగింది. నాకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మంచినీళ్ళిచ్చి, ఆ మాటా ఈ మాటా చెప్పి పంపేశాను. ఆ రోజు చెప్పలేనిది ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

మాది శృంగవరపుకోటకు కొండల దిక్కున, బస్సు దిగి ఒక గంట నడిచే ఊరు. నేను కాపురానికి వచ్చేనాటికి మా అత్తవారికి కొండ వాలులో కొంచెం జీడితోట, దాని కింద ఒక వరిమడి, మడికి పైన వాన పడితే పండే మెట్టచెక్క, రెండు గేదెలు ఉండేవి. ఇంట్లో మనుషులం మా ఆయన, మా అత్త, నేను. కూలీలను పిలిచేటంత పెద్ద సేద్యం కాదు, ముగ్గురిలో ఒకరు మంచం పట్టినా సాగని సేద్యం. నా వయసువాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగి తెలవారుతూనే చేలోకి దిగితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే ఇల్లు చూడడం.

పాప పుట్టినప్పుడు ఏడవలేదు. మంత్రసాని తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిస్తే ఒక్క మూలుగు మూలిగింది. మెడ నిలవడానికి ఏడాది పట్టింది, కూర్చోవడానికి రెండేళ్ళు, నడవడానికి అయిదు. మాట రానే లేదు. 'బ' అంటే అన్నం, 'ఊ' అంటే మిగిలినవన్నీ. విశాఖపట్నం తీసుకెళితే అక్కడి డాక్టరుగారు, పాపం మంచివారే, పిల్ల పెద్దదవుతుంది గాని బుర్ర ఎదగదమ్మా, ఇంకొకరిని కనండి అని నెమ్మదిగా చెప్పారు. తిరుగు బస్సులో మా ఆయన కిటికీలోంచి బయటికీ, నేను నా ఒడిలోకీ చూసుకుంటూ వచ్చాం. ఆ జబ్బుకొక పేరు ఉంటుందని, అడిగితే చెబుతారని కూడా మాకు తోచలేదు.

నడక వచ్చాక మాకు భయం మొదలయింది. కాళ్ళు ఎటు తీసుకెళితే పాప అటే పోయేది. ఒకసారి పొద్దంతా వెతికితే, పక్క రైతు నూతి ఒరమీద కాళ్ళు లోపలికి వేలాడేసుకుని కూర్చుని ఉంది. ఆ మరునాటినుంచి నేను చేలోకి వెళ్ళినప్పుడల్లా పాత చీర చింపిన పీలికతో ఒక కొస దాని నడుముకీ, ఒక కొస ఏదైనా చెట్టుకీ కట్టేదాన్ని. ఒరుసుకోకుండా బాగా నలిగిన నూలుచీర వెతికి మరీ చింపేదాన్ని. అంతకుమించి ఆలోచించే ఓపిక నాకప్పుడు ఉండేది కాదు.

దానికి ఎనిమిదేళ్ళు వచ్చిన వేసవిలో మెట్టచెక్కలో నువ్వు కోతకు వచ్చింది. నువ్వుపంట సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు, చల్లని పూట కోసెయ్యాలి, ఎండ ముదిరిందంటే కాయ విచ్చి గింజ నేలపాలవుతుంది. ఆ పొద్దున మా ఆయన గేదెను పశువుల ఆసుపత్రికి తోలుకెళ్ళారు. నేనొక్కదాన్నే. పాపను గట్టు మీది తాటిచెట్టు నీడలో కట్టి, చేతికి రెండు తాటికాయ బుర్రలిచ్చి, వంచిన నడుము ఎత్తకుండా కోసుకుంటూ పోయాను. తాటిచెట్టు నీడ ఎంతసేపు ఉంటుంది? ఒక్కొక్క అడుగే జరిగిపోయింది. పాప ఏడిచే పిల్ల కాదు. ఏడిస్తే నేను తల తిప్పి చూసేదాన్నే.

అంబలి పట్టుకొచ్చిన మా అత్త ముందు చూసింది. నేను వెళ్ళేసరికి పాప ఎర్రటి ఎండలో, పీలిక అందినంతవరకు నీడ వైపు జరిగి, అక్కడినుంచి ముందుకు పోలేక చేతులు చాచి కూర్చుని ఉంది. పెదవులు పగిలిపోయాయి. మా అత్త ముడి విప్పుతూ నావైపు చూడకుండా అంది.

"ఒసే, గేదెనైనా ఎండొస్తే నీడకి మార్సి కడతాం గదే."

ఆవిడ నన్ను తిట్టలేదు. పాపను ఎత్తుకుని, ఆ ముసలి ప్రాణం అంత పిల్లను మోసుకుంటూ, గట్టు వెంట ఇంటికి పోయింది. ఇక నేనేం చేశానో చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది. నేను వెనకాల వెళ్ళలేదు. కొడవలి తీసుకుని మిగిలిన చేను కోసి, కట్టలు కట్టి, అప్పుడు ఇంటికి వెళ్ళాను. నాకు ఏడుపు రాలేదు.

ఆ నెలలోనే పాపను పట్నంలో అలాంటి పిల్లలకని నడిపే ఒక వసతిబడిలో చేర్చాం. చోటు మంచిదే. పిల్లలకు జుట్టు కురచగా కత్తిరించి, శుభ్రంగా ఉంచేవారు. మేము లేచి వస్తుంటే పాప మావెంట పడలేదు, ఏడవలేదు, గోడమీద ఏదో బొమ్మను చూస్తూ నిలబడింది. ఇంటికి వచ్చాక మా అత్త రెండు పూటలు అన్నం ముట్టలేదు. నేను తిన్నాను. నాలుగు నెలలు పనికి అడ్డం లేకుండా పని చేసుకున్నాను, పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాని నిద్ర పోయాను. పాప పుట్టాక అలాంటి నిద్ర ఎరుగను. ఒకసారి చూడడానికి వెళితే, పాప బల్లముందు అందరితోపాటు వరసలో కూర్చుని తన చేత్తో తను అన్నం తింటోంది. మా దగ్గర ఏనాడూ తినలేదు. అక్కడి టీచరమ్మ గర్వంగా చూపించింది. సంతోషించాలని నాకు తెలుసు.

వరి ఊడ్పుల నాటికి మా ఆయన ఏదో పనిమీద పట్నం వెళ్ళి, సాయంత్రం పాపను వెంటబెట్టుకుని వచ్చారు. ఎందుకు తెచ్చేశారని నేను అడిగాను. వాళ్ళేమైనా కొట్టారా, తిండి పెట్టలేదా అని మా అత్త అడిగింది.

"ఆళ్ళు బాగానే సూస్తన్నారు," అన్నారు ఆయన చెప్పులు విడుస్తూ. "నానే ఉండలేకపోతన్నాను."

పిల్ల ఇంటికి వచ్చిందని నాకు ఆనందం పొంగిందని రాయాలనే ఉంది గాని, అది అబద్ధం. నాకు వచ్చిన మొదటి ఆలోచన, రేపు ఊడ్పు ఎలాగ అని. రెండోది, అక్కడే ఉంటే ఇంకా ఏమేం నేర్చుకునేదో అని. ఆ రెండోదానికి ఈనాటికీ జవాబు లేదు. పాప కోసం తెచ్చామో, మా కోసం తెచ్చుకున్నామో నేను తేల్చుకోలేదు.

మళ్ళీ కట్టడం మాత్రం లేదు. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు. మా ఆయన తన తువ్వాలు ఒక కొస భుజాన వేసుకుని రెండో కొస పాప చేతికిచ్చేవారు, ఆయన ఎటు నడిస్తే అటు అది. జీడిపళ్ళు రాలే రోజుల్లో దాని చేతిమీద తన చెయ్యి వేసి, పండునుంచి పిక్క మెలితిప్పి తీయడం నేర్పారు. మొదటి వేసవి రాలేదు, రెండో వేసవి రాలేదు. మూడో వేసవి ఒక పూట చూద్దుముగదా, చెట్టుకింద కూర్చుని పిక్కలన్నీ గంపలోనూ పళ్ళన్నీ పక్కనా వేస్తోంది. బట్టలనిండా పండు రసం మరకలు, ఎంత ఉతికినా పోయేవి కావు. రాలినవే ఏరేది, కొమ్మమీది పండు ఎన్నడూ ముట్టేది కాదు. ఎందుకో తెలియదు. ఆ పని ముప్ఫయ్యేళ్ళు చేసింది.

పాప తిరిగి వచ్చిన రెండేళ్ళకు చిన్నమ్మాయి పుట్టింది. అది మాటలు నేర్చాక అక్కకు అన్నం కలిపి పెట్టేది, అక్క మీద చాడీలు చెప్పేది, మిగతా అక్కాచెల్లెళ్ళలాగే. ఇప్పుడు విజయనగరంలో కాపురం. మా అత్త పోయి చాలాకాలమయింది. మా ఆయన నాలుగేళ్ళ క్రితం పోయారు. ఆ పదిరోజులూ పాప తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడేది, తరవాత మానేసింది. పొలం కౌలుకిచ్చాను, జీడితోట మాత్రం ఉంచుకున్నాను.

నిన్న ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి దాచలేదు, నువ్వుచేను సంగతీ, తాటిచెట్టు సంగతీ చెప్పాను. తల వంచుకుని విని, "నేను సెల్లు సేతికిచ్చి తలుపు గెడ పెట్టి డ్యూటీకి పోతన్నాను పెద్దమ్మా. ఏటి సెయ్యను మరి," అంది. మధ్యాహ్నాలు పిల్లను మా ఇంట్లో దింపి వెళ్ళమన్నాను.

కాలం మారింది, కాదనను. ఆ పిల్ల జబ్బుకు పేరుంది, వారానికి రెండుసార్లు మాటలు నేర్పే టీచరమ్మ ఉంది, పిచ్చిది అని ఎవరూ పైకి అనరు. మా పాప రోజుల్లో అవేమీ లేవు. కాని అప్పట్లో పాప ఏ గట్టుమీద కనబడినా, ఫలానావారి పిల్ల అని చెయ్యి పట్టుకుని తెచ్చి అప్పగించే మనుషులు చేలనిండా ఉండేవారు. ఇప్పుడు ఆ చేలలో రాళ్ళు పాతి ప్లాట్లు వేశారు, తోటకు వెళ్ళే దారిలో నాకే సగం ముఖాలు తెలియవు. ఎవరైనా పేరడిగితే పాప చెప్పలేదు. అందుకని దాని జాకెట్ల లోపలి అంచున నా ఫోన్ నెంబరు దారంతో కుట్టించాను. పోయిన నెల దర్జీ దగ్గరికి మళ్ళీ వెళ్ళి, నా నెంబరు కింద చిన్నమ్మాయి నెంబరు కూడా కుట్టించాను.