సూర్యుడి మీద చీమ

పటాన్‌చెరులో కళ్ల డాక్టరు దగ్గరికి వెళితే మొదట అడిగేది షుగరుందా అని కాదు, వెల్డింగ్ పని చేస్తారా అని. ఇక్కడి ఫ్యాక్టరీల పుణ్యమా అని ఆ రకం కళ్లే ఎక్కువట. మొన్న నన్నూ అదే అడిగాడు, మా అబ్బాయి వయసుండే డాక్టరు. లేదు బాబూ, స్టోర్సులో గుమస్తాగా చేరి గుమస్తాగానే రిటైరయ్యాను, నట్లూ బోల్టులూ లెక్క రాసుకోవడం తప్ప నిప్పు దగ్గరికి వెళ్లే యోగం పట్టలేదన్నాను. ఆయన నవ్వి, నా ఎడమ కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వలేదు. "నడుమ చిన్న మచ్చ కనవడ్తుంది అంకుల్. చిన్నప్పుడు సూర్యుణ్ని గిట్ల డైరెక్టుగ చూసిండ్రా? గ్రహణమప్పుడు గానీ, ఆటకు గానీ?" అన్నాడు.

చూశానన్నాను. గుండ్రంగా, అంచు గీత గీసినట్టు, మీద నల్లటి చుక్కలతో సహా సూర్యుడు నాకు ఇప్పటికీ గుర్తున్నాడు. చూపించిన మనిషీ గుర్తున్నాడు. ఆయన జీవితం గురించి ఓ నాలుగు పేజీలు రాద్దామనే అప్పటికి నెలరోజులుగా కనపడినవాళ్లనల్లా అడుగుతూ తిరుగుతున్నాను. పాత ఎండదెబ్బ అయితే చేసేదేమీ లేదనీ, ఇంకేదైనా అయితే ఇంజెక్షన్లతో ఆపొచ్చనీ డాక్టరు చెప్పాడు. ఏదన్నది స్కానింగులో తెలుస్తుంది. స్కానింగు మిషనేమో రిపేరుకి వెళ్లింది. వచ్చే వారం రమ్మన్నాడు.

ఆ వారం ఎలా గడిచిందో నాకూ మా ఆవిడకూ మాత్రమే తెలుసు. పొద్దున లేవగానే కుడికన్ను మూసుకుని కిటికీ ఊచల వైపు చూసేవాణ్ని. నిటారుగా ఉండాల్సిన ఊచ మధ్యలో కాస్త నడుం వంచినట్టు కనపడేది. నిన్నటికంటే ఎక్కువ వంగిందా అని మళ్లీ చూసేవాణ్ని. కాఫీ గ్లాసుతో మా ఆవిడ వస్తే ఆమెను కూడా ఒంటికన్నుతో చూసేవాణ్ని. చెవుల కమ్మలు కనపడేవి, జడ కనపడేది, బొట్టు ఉండాల్సిన చోట మాత్రం మసక. "బొట్టు పెట్టుకున్నావా?" అని అడిగితే "పొద్దున్నుంచీ ఇది మూడోసారి" అని గ్లాసు చేతిలో పెట్టి వెళ్లిపోయేది. విసుక్కున్నట్టే ఉండేది గానీ, వంటింట్లో ఆమె కూడా ఒక కన్ను మూసుకుని గోడ వైపు చూడటం నేను గమనించాను. భయం జలుబు లాంటిది, ఇంట్లో ఒకరితో ఆగదు.

ఆ మనిషిని మా కాలనీలో ఎండ మామయ్య అనేవాళ్లం. కోస్తా నుంచి పెద్ద ఫ్యాక్టరీ ఉద్యోగాలకి వచ్చి, వరసగా కట్టిన క్వార్టర్లలో దిగిన కుటుంబాలు మావి. సొంత చుట్టాలు దూరమయ్యారు కాబట్టి పక్కింటివాళ్లందరికీ వరసలు కలిపేసుకున్నాం. ఆయనకి మామయ్య వరస పడింది. మీటర్లు సరిచేసే విభాగంలో ఉద్యోగం. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం మబ్బు లేదంటే చాలు, సైకిలు వెనకాల పొడుగాటి టెలిస్కోపు గొట్టం ఒకటి కట్టుకుని వెలిమెల వైపు వెళ్లిపోయేవాడు. సూర్యుడిలో మచ్చలుంటాయనీ, అవి పెరుగుతూ తరుగుతూ ఉంటాయనీ, వాటికీ ఇక్కడి వానలకీ ఏదో లంకె ఉందనీ ఆయన నమ్మకం. ఆ లంకె ఆయనకి దొరికిందో లేదో నాకు తెలియదు. పెద్ద పెద్ద వాళ్లకి వ్యాసాలు పంపేవాడట, అవి అంతే భద్రంగా తిరిగొచ్చేవట. కాలనీలో ఆడవాళ్లకి మాత్రం ఆయన వల్ల ఒక ఉపకారం జరిగేది. వడియాలు పెట్టుకునే ముందు ఆయన్ని అడిగేవాళ్లు. ఆయన ఆకాశం వైపు చూసి పెట్టుకోండమ్మా అనేవాడు. ఆ మధ్యాహ్నమే వాన పడేది.

ఒక ఆదివారం నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. అప్పుడు నాకు ఏడేళ్లో ఎనిమిదేళ్లో. దారంతా జొన్న చేలు. గుట్ట దగ్గర ఎవరిదో కొట్టం. ఆ తర్వాత జరిగింది ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. మామయ్య అరచెయ్యి నా మెడ వెనక పడటం, నా తలని గట్టిగా పట్టి తిప్పటం, "అటు కాదురా, ఇటు" అనటం, ఎదురుగా సూర్యుడు. సూర్యుడి మీద చుక్కలు. ఇంకొకటి కూడా గుర్తుంది, చెబితే నవ్వుతారు. సూర్యుడి మీద చీమ నడిచింది. ఈ చివరి నుంచి ఆ చివరికి, తీరిగ్గా. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా అమ్మ నుదురు పట్టుకు చూసి, ఎండ తలకెక్కిందని మజ్జిగ తాగించి పడుకోబెట్టింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరు కోతలు కోసినా "చీమేనా?" అనటం అలవాటైంది. మా చెల్లెలు ఈ వయసులోనూ వదల్లేదు.

చివరి రోజుల్లో ఎండ మామయ్య నల్లద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకుని నడిచేవాడు. సూర్యుణ్ని చూసీ చూసీ కళ్లు పోగొట్టుకున్నాడని కాలనీ అంతా అనుకుంది. మా అమ్మయితే, ఇంకా నయం వీణ్ని రెండోసారి పంపలేదు అంది. అప్పుడు ఆ మాట పట్టించుకోలేదు. డాక్టరు అడిగాక మాత్రం రోజూ అదే మాట చెవిలో వినపడేది.

అసలు ఈ రాతపని అంటగట్టింది మా చెల్లెలే. ఇక్కడికి దగ్గర్లోని సర్కారు బడిలో హెడ్‌మిస్ట్రెస్. బడిలో కొత్తగా సైన్సు గది కట్టారు, దానికి మన ఎండ మామయ్య పేరు పెడదాం, ఆయనెవరో పిల్లలకి తెలిసేలా నువ్వు రాయి అంది. సరేనన్నాను. తీరా చూస్తే ఆయన గురించి ఎక్కడా ఏమీ లేదు. సంగారెడ్డి లైబ్రరీలో అడిగితే పోటీ పరీక్షల పుస్తకాలు చూపించారు. ఫోన్లో వెతికితే, ఆయన దొరకలేదు సరికదా, మీ డాబా మీద సోలార్ పలకలు పెట్టిస్తారా, సబ్సిడీ ఉంది అంటూ ఇప్పటికీ ఫోన్లు. వెలిమెలలో టీ కొట్టు దగ్గర సూర్యుడి గురించి పరిశోధన చేసిన పాతకాలం సారు తెలుసా అంటే "సోలార్ సారా? గా సందుల వో" అని చూపించారు. వెళ్తే అది నీళ్లు వేడిచేసే సోలార్ హీటర్ల దుకాణం. నేను నోరు తెరవకముందే ఆ సారు, ట్యాంకు లీకేజీకి వారంటీ వర్తించదన్నాడు.

డాక్టరు మాట చెల్లెలికి చెప్పకుండా ఉండలేకపోయాను. ఫోన్లో అంతా విని, "అన్నయ్యా, ఆ గదిలోకొచ్చేది ఆరో తరగతి పిల్లలు. ఆయన నీచేత సూర్యుణ్ని సూటిగా చూపించి ఉంటే, నేను ఆయన పేరు పెట్టలేను. పెయింటరు సోమవారం వస్తానన్నాడు. ఆలోపు నువ్వే చెప్పు" అంది. టీచరు కదా, తప్పు లేదు. కానీ ఆ రాత్రి నాకు ఎండ మామయ్య మీద పట్టరాని కోపం వచ్చింది. నీకు పిచ్చి ఉంటే నీ కళ్లు పాడుచేసుకో, పసివాడి మెడ పట్టుకు తిప్పుతావా అని మనసులోనే తిట్టాను. తిట్టాక, ఆయన సైకిలు కడ్డీకి నాకు గుచ్చుకోకుండా తువ్వాలు చుట్టడం గుర్తొచ్చి, ఇంకా బాధేసింది. నా కన్ను పోయినా ఆ తువ్వాలు అబద్ధం కాకూడదనిపించింది.

ఆదివారం నాడు మళ్లీ వెలిమెల బయల్దేరాను. ఒంటరిగా వద్దని మా ఆవిడ కూడా ఆటో ఎక్కింది. గుట్ట సగం తొలిచేశారు. మిగతా సగం మీద అపార్టుమెంట్లు లేస్తున్నాయి. గేటు దగ్గర కాపలా కుర్రాడు హిందీలో ఏ ఫ్లాటుకని అడిగాడు. కొట్టానికి అని ఏం చెప్తాం, వెనక్కి తిరిగాం. ఊరి పాత వాడలో ఒక ఇంటి ముందు ముసలామె చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. మంచినీళ్లు అడిగే వంకతో మా ఆవిడ మాట కలిపింది. గుట్ట కాడ ఆదివారం ఆదివారం గొట్టం తెచ్చుకుని ఒకాయన వచ్చేవాడు, తెలుసా పెద్దమ్మా అన్నాను. ఆమె చేతిలో చింతపండు పక్కన పెట్టింది.

"పొద్దు సారా? అట్ల చెప్పరాదు మరి. మా కొట్టమే గద కిరాయికి తీస్కున్నది. అప్పట్ల నేను కొత్త కోడల్ని."

ఇక్కడివాళ్లకి సూర్యుడు పొద్దు. ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటూ, ఆ మాట రోజూ వింటూ, నెలరోజులుగా నేను సూర్యుణ్నీ సోలార్‌నీ పట్టుకు వేలాడుతున్నాను. ఆమెకి ఆయనంటే గౌరవం ఉన్నట్టేమీ లేదు, పాత ఫిర్యాదులు మాత్రం బోలెడున్నాయి. పొద్దు సూస్తడు అంటే జాతకం చూస్తాడని ఊరంతా అనుకున్నారట. ఆమె అత్తగారు కూతురి పెళ్లి ఎప్పుడవుతుందో చూడమని వెళ్తే, నాకు మచ్చలు తప్ప ఏమీ కనపడవమ్మా అని ఈయన ఉన్నమాట చెప్పాడు. పిల్లకి మచ్చ ఉందన్నాడని ఆ అత్తగారు ఏడ్చి ఏడ్చి, ఈయన్ని కొట్టం ఖాళీ చేయమందట. కళ్లు పోయాయటగా అంటే, "కండ్లేడ వోయినయ్? ముసలితనానికి పొర వచ్చె, తీయించుకున్నడు. అందరికి వస్తది" అంది.

అప్పుడు ధైర్యం చేసి అడిగాను. పిల్లల్ని కూడా పొద్దు వైపు చూడమనేవాడా పెద్దమ్మా?

"పొద్దు దిక్కా? అసలు ఆయన సూస్తె గద. పేరుకే పొద్దు సారు. కిటికీల గొట్టం వెట్టి, పొద్దుకు ఈపు వెట్టి కూసుంటుండె. ఎదురుంగ గోడకు తెల్లకాయితం అతికిచ్చి, గంటలకొద్ది దాన్నే సూసుడు. పిల్లలు గొట్టం దిక్కు తిరిగితె మెడ వట్టి ఇటు తిప్పుతుండె. గా కాయితం అతికిచ్చెతందుకు మైదపిండి నేనే ఉడకవెట్టియ్యాలె. పిండికి కొట్టం నిండ చీమలు. కాయితం మీద ఊకె చీమలు పారుడు, నేను దులుపుడు. గదే నా కత."

మా ఆవిడ మెల్లిగా నా వైపు తిరిగింది. పెళ్లై వచ్చిన కొత్తలోనే ఆమెకి మా ఇంటి చీమ కథ చెప్పారు. నా చెయ్యి పట్టుకుంది. సూర్యుడి మీద చీమ నడవాలంటే సూర్యుడు గొట్టంలోంచి బొమ్మగా వచ్చి గోడ మీద, మైదా బంక అంటిన కాగితం మీద పడాలి. అరవై ఏళ్లుగా నేను కోతలు కోశానన్న ముద్ర మోశాను గానీ, ఆ చీమ నిజంగానే నడిచింది. నా మెడ మీద పడిన ఆ చెయ్యి నన్ను సూర్యుడి వైపు తిప్పలేదు, సూర్యుడి నుంచి తప్పించింది. అటు కాదురా, ఇటు. అరుగు మీద కూర్చుని ఏడ్చాను. ముసలామె కంగారుపడి, చింతపండు ధూళి కంట్ల వడ్డదా బిడ్డా అని నీళ్ల చెంబు అందించింది.

చెల్లెలికి అక్కణ్నుంచే ఫోన్ చేశాను. విషయమంతా విని, "అయితే చీమ నిజమేనా అన్నయ్యా?" అని నవ్వబోయి, మధ్యలోనే ఫోన్ పెట్టేసింది. సోమవారం పెయింటరు వచ్చాడు. ఆయన పేరు రాసి, కింద "పొద్దు సారు గది" అని కూడా రాయించింది. ఆ తర్వాత స్కానింగులో నా కంటి సంగతీ తేలింది. ఎండది కాదు, వయసుది, లోపల నీరు చేరిందట. ఒక ఇంజెక్షన్ అయింది, ఇంకా ఉన్నాయి. కిటికీ ఊచ ఇంకా కాస్త వంగే ఉంది. మా ఆవిడ బొట్టు సగం తిరిగొచ్చింది. మిగతా సగం వస్తుందో రాదో అని పొద్దున్నే ఇప్పటికీ భయంగానే ఉంటుంది, కాకపోతే ఆ భయంలో ఎవరి మీదా కోపం లేదు.

పిల్లలకోసం రాసే నాలుగు పేజీలూ ఇప్పుడు రాస్తున్నాను. ఇక్కడ పొద్దు అంటే సూర్యుడే కాదు, కాలం కూడా. పొద్దు పోయింది అంటారు, పొద్దు పోవట్లేదు అంటారు. రెంటినీ సూటిగా చూడబోతే కళ్లు చెదరటం తప్ప ఏమీ మిగలదు. వీపు మీద పడనిచ్చి, ఎదురుగా తెల్లకాగితం పెట్టుకుని కూర్చుంటే, మచ్చలతో సహా, మీద నడిచిన చీమతో సహా, అదే వచ్చి వాలుతుంది.