మౌలాలి చాచా మంత్రివర్గం

పదవి లేని మనిషి కనిపిస్తే మౌలాలి చాచాకు అన్నం సయించదు. గద్వాలలో మా గల్లీ మొదట్లోనే ఆయన టెంట్ హౌస్, దాని పక్కన నా జిరాక్స్ షాపు. షామియానాలు కిరాయికిస్తాడు, పదవులు మాత్రం ఊరికే పంచుతాడు. మా గల్లీలో ఇప్పుడు ఓటర్లకంటే మంత్రులే ఎక్కువ. మోరీల మంత్రి, వీధిలైట్ల మంత్రి, ఆఖరికి కుక్కల మంత్రి కూడా ఉన్నాడు. కుక్కలకు ఆ సంగతి తెలియదు.

ఆదివారం మంత్రివర్గ సమావేశం. పెళ్లికొడుకును కూర్చోబెట్టే ఎర్ర మఖమల్ కుర్చీ బయటికొస్తుంది. గల్లీ పిల్లలు ఒక్కొక్కరే అందులో కూర్చుని పేరు, శాఖ, చేసిన పని చెప్పాలి. వినేవాళ్లు నవ్వకూడదు. ఇది లీడర్ ట్రైనింగ్ అంటాడు చాచా.

"ఇదేం లీడర్ ట్రైనింగ్ చాచా? పెళ్లి లెక్కుంది" అన్నాను.

"నీకు తెల్వదు సుదర్శన్. గా కుర్సీల కూసుంటే నడుం సీదా అయితది. నడుం సీదా అయితే నోరు దానంతటదే లేస్తది."

ఒక్క ఇష్రత్‌కే నోరు లేవలేదు. మా గల్లీకి నల్లా లేదు. పొద్దున్నే పక్క గల్లీ నుంచి బిందెలు మోసేసరికి ఆ పిల్లకు కాలేజీలో మొదటి క్లాసు రోజూ పోయేది. సగం చదువు దేనికి, మానెయ్యమని వాళ్ల నాన్న పట్టుబట్టాడు. చాచా వెంటనే ఆమెను నీళ్ల మంత్రిని చేశాడు.

"నాకు మాట్లాడొస్తలేదు చాచా!"

"బిందె మోసేది నువ్వు. నీళ్ల సంగతి ఇంకెవలకెరుక?"

ఇంతలో పక్క గల్లీ దాకా కొత్త పైపు వేస్తారనీ, మాది ప్లాన్‌లో లేదనీ తెలిసింది. చాచా మున్సిపల్ ఇంజనీరును బతిమాలి ఆదివారం రప్పించాడు. ఆయన వస్తూనే నేరుగా ఎర్ర కుర్చీ వైపు నడిచాడు. చాచా అడ్డంపడ్డాడు.

"సార్, జర ఆగుండ్రి. అది మంత్రిగారి కుర్సీ."

ఇంజనీరు హడలిపోయి చొక్కా గుండీ పెట్టుకున్నాడు. బుద్ధిగా ప్లాస్టిక్ కుర్చీలో సర్దుకున్నాడు. అప్పుడే ఇష్రత్ వచ్చింది.

"ఏయ్ పిల్లా, మంత్రిగారు ఎప్పుడొస్తారు?"

"నేనే సార్. పేరు ఇష్రత్, శాఖ నీళ్లు" అంటూ ఎర్ర కుర్చీలో కూర్చుంది.

ఎవరూ నవ్వలేదు. పాపం, ఇంజనీరుకూ నవ్వే ధైర్యం చాలలేదు.

"పైపు మా మూల మీద ఆపుతుండ్రు సార్. జర ముంగటికొస్తే నేను కాలేజీకి పోత. రాకుంటే మా అబ్బ చదువు బంద్ చేపిస్తడు." మాట ఎక్కడా ఆగలేదు. "వచ్చి చూడుండ్రి సార్."

ఇంజనీరు లేచాడు. "పదండి ఇష్రత్ గారూ, ఎటువైపు?" అంటూ ఆమె వెనకే నడిచాడు. నేను చాచా వైపు తిరిగాను.

"చాచా, ఇన్నాళ్లూ నీకు పదవుల పిచ్చి అనుకున్నా."

"మన పిల్లల్ని గల్లీ దాటితే 'ఏయ్' అని తప్ప ఎవలు పిలుస్తరు సుదర్శన్? కనీసం నేనన్న 'మంత్రిగారూ' అని పిలుస్త. చెవులకు అలవాటైతే, తక్కువ పిలుపుకు వాళ్లే ఊకోరు."

కొంత ఆలస్యమైనా నల్లా వచ్చింది. ఆ మర్నాడు పొద్దున ఇష్రత్ సైకిల్ మీద టెంట్ హౌస్ ముందు ఆగింది.

"చాచా, రాజీనామా! ఇంట్లనే నీళ్లొస్తున్నయి, ఇంక నీళ్ల మంత్రికి ఏం పని? ఫస్టు క్లాసుకు టైమైతుంది, నేను పోత."

చాచా పరమానందంతో రోడ్డు మధ్యకు ఉరికాడు.

"మాజీ మంత్రిగారూ, జర మెల్లగ తొక్కుండ్రి!"